పీహెచ్‌డీ మొదలెడుతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నీకు జేఆర్‌ఎఫ్, అదే పరిశోధనకిచ్చే యూజీసీ ఫెలోషిప్, వచ్చిందని, యూనివర్సిటీలో సీటు కూడా ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నువ్వు పంపిన టాపిక్ కూడా చదివేను. "గోదావరి జిల్లాల తెలుగు సాహిత్యం, సమాజం: 1850 నుంచి నేటి వరకు". ఇది ఒక మనిషి చేసే పని కాదమ్మా, డిపార్ట్‌మెంట్ మొత్తం కూర్చున్నా తెమలదు. ఇలాంటి టాపిక్ తీసుకున్న పిల్లలు ఏం చేస్తారంటే మొదటి అధ్యాయం జిల్లా చరిత్ర, రెండోది కవుల జీవిత విశేషాలు, మూడోది కథల సారాంశాలు, ఇలా రాసుకుంటూ పోతారు, అంతా ఎవరో ఎప్పుడో రాసిందే, ఆఖర్న ఉపసంహారంలో గోదావరి సీమని పొగుడుతూ ఓ పేరా. వైవా అయిపోతుంది, పేరు ముందు డాక్టర్ వస్తుంది, ఆ థీసిస్ మాత్రం మళ్ళీ ఎవరూ తెరవరు. నీకు అది వద్దు. చిన్నప్పట్నుంచీ మా అందరి ప్రాణాలూ తీసి ప్రశ్నలు అడిగిన పిల్లవి, నీ థీసిస్‌కి కూడా ఓ ప్రశ్న కావాలి, జవాబు నీకే ముందు తెలియని ప్రశ్న.

అందరూ టాపిక్ అనుకుని తర్వాత మెటీరియల్ వెతుక్కుంటారు. నా దగ్గర చేసిన పిల్లలందరికీ నేను తిరగేసి చెప్పేదాన్ని, ముందు నీ చేతికి ఏం దొరుకుతుందో చూడు, అది చదువుతుంటే నీకు ఎక్కడ అనుమానం వచ్చిందో అక్కడ ఆగు, టాపిక్ అదే అని.

ఉదాహరణకి మన కాలవలు తీసుకో. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి పూర్తిచేసేరు, కాటన్ దొర కథ స్కూల్లోనే చదివేవు. నీళ్ళు పొలాలకి ఎలా వచ్చేయి, వరి ఎలా పెరిగింది, శిస్తు ఎంత వసూలైంది, ఇవన్నీ హిస్టరీ వాళ్ళు బాగానే రాసేరు. కానీ ఆ కాలవలే రోడ్లు కూడా. రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్ళాలన్నా, కోనసీమ లోపలికి రావాలన్నా, నర్సాపురం వైపు పోవాలన్నా పడవే. రాజమండ్రి దగ్గర రైలు వంతెన 1900లో వచ్చింది, అయినా లంక గ్రామాలకీ కోనసీమకీ ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పడవలూ పంట్లే దిక్కు. ఇప్పుడు మన వైపు వాళ్ళు రాసుకున్న స్వీయచరిత్రలు పక్కన పెట్టుకో, వీరేశలింగం గారిది, చిలకమర్తి వారిది, శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారిది, చెళ్ళపిళ్ళ వారి జ్ఞాపకాలు. వాటిలో ప్రయాణాలు వెతుకు. రాత్రంతా పడవలో కూర్చుంటే ఎవరు ఎవరితో మాట్లాడేరు, వంట ఎవరు చేసేరు, ఎవరి పక్కన ఎవరు కూర్చోలేదు, లాకుల దగ్గర పడవ ఆగితే ఎవరు దిగేరు ఎవరు దిగలేదు, ఆడవాళ్ళు ఒంటరిగా పడవెక్కేరా, ఎక్కితే చూసిన వాళ్ళు ఏమనుకున్నారు. గట్టు మీద తాడు భుజానికేసుకుని పడవ లాగిన మనుషుల గురించి ఒక్క వాక్యమైనా ఉందా? లేకపోతే ఎంచేత లేదు? ఇది సాహిత్యమూ అవుతుంది, సాంఘిక చరిత్రా అవుతుంది, పైగా నువ్వు ఆ గట్ల మీద తిరిగిన పిల్లవి. ఇదే చెయ్యమని కాదు, నీ టాపిక్ ఈ సైజుకి రావాలి అని చెప్తున్నాను.

ఇలాంటిది ఒకటి తట్టింది అనుకో, వెంటనే రిజిస్టర్ చేసెయ్యకు. ముందు ఆ నాలుగు పుస్తకాలూ పెన్సిల్ పట్టుకుని చదివి, పడవ కనిపించిన ప్రతి పేజీ నోట్ చేసుకో. ఇరవై పేజీలు కూడా తేలకపోతే ఆ ప్రశ్న వదిలెయ్యి, ఎంత అందంగా ఉన్నా వదిలెయ్యి, లేని దాని మీద మూడేళ్ళు గడపడం నరకం. యూనివర్సిటీల థీసిస్‌లు ఆన్‌లైన్‌లో పెట్టే శోధగంగలో కూడా వెతుకు, తెలుగువి చాలానే ఎక్కించేరు. నీ ప్రశ్న ఇంకెవరైనా చేసేస్తే భయపడక్కర్లేదు, వాళ్ళు ఎక్కడ ఆగేరో చూసి అక్కణ్ణుంచి నువ్వు మొదలెట్టొచ్చు.

ఇక ఎక్కడికి వెళ్ళాలి అన్నది. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం నీకు ఇల్లు అయిపోవాలి, వాసురాయ గ్రంథాలయం, రత్నకవి గ్రంథాలయం కలిపి చేసింది అది, పాత పత్రికలూ పుస్తకాలూ అక్కడ ఉన్నన్ని మన జిల్లాల్లో ఇంకెక్కడా చూడలేదు నేను. కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఉంది, జయంతి రామయ్య పంతులు గారు 1911లో మద్రాసులో పెట్టింది తర్వాత కాకినాడ వచ్చింది, తాళపత్రాలు కావాలంటే అక్కడికి వెళ్ళు. బొమ్మూరులో తెలుగు యూనివర్సిటీ వాళ్ళ సాహిత్య పీఠం ఉంది. ఇంట్లో కూర్చుని చూడగలిగినవి, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి, ఆంధ్ర పత్రిక, కృష్ణా పత్రిక, భారతి లాంటివి ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేయించేరు. స్కాన్‌లో పేజీలు పోయి ఉంటాయి, ఒక్కోసారి పుస్తకం పేరు కూడా తప్పు పడి ఉంటుంది, అంచేత ఒక్కసారి పేరు కొట్టేస్తే దొరకదు, రచయిత ఇంటిపేరుతో ఓసారి, ప్రెస్ పేరుతో ఓసారి, వేరే స్పెల్లింగ్‌తో ఓసారి వెతకాలి.

లైబ్రరీల్లో దొరకనిది ఇంకోటి ఉంది. రాజమండ్రిలో కొండపల్లి వీరవెంకయ్య, అద్దేపల్లి, కాళహస్తి తమ్మారావు వీళ్ళందరూ చవగ్గా అచ్చేసి తీర్థాల్లో సంతల్లో అమ్మించిన పుస్తకాలు, పాటలు, కథలు, స్తోత్రాలు, నాటకాలు. పండితులు వాటిని పుస్తకాల కింద లెక్కపెట్టలేదు గానీ చదువు కొద్దిగా వచ్చిన ఇళ్ళల్లో ఉన్నవి అవే. వాటి కోసం పాత పుస్తకాల కొట్లు, అటకలు వెతకాలి. 1986 వరదల్లోనూ 1996 నవంబరు తుపానులోనూ మన కోనసీమలో ఎన్ని ట్రంకు పెట్టెలు తడిసి ముద్దయిపోయాయో, మిగిలినవి చూసినప్పుడే ఫోటో తీసుకో, మళ్ళీ వస్తాలే అనుకోకు. ఫోటో తీసేటప్పుడు ముందు టైటిల్ పేజీ, లైబ్రరీ ముద్ర ఉంటే ఆ ముద్ర, తర్వాత లోపలి పేజీలు, ఫైలుకి పేరు అక్కడికక్కడే పెట్టెయ్యి, డ్రైవ్‌లో ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ.

జిల్లా సరిహద్దుల విషయం మాత్రం జాగ్రత్తగా విను, ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. 1859 దాకా మనది రాజమండ్రి జిల్లా, అవతల మచిలీపట్నం జిల్లా. ఆ ఏడు గోదావరి, కృష్ణా అని మార్చేరు. 1904లో తణుకు, భీమవరం, నర్సాపురం, ఏలూరు వైపు తాలూకాలు తీసి కృష్ణా జిల్లాలో కలిపేరు. మళ్ళీ 1925లో పశ్చిమ గోదావరి అని వేరే చేసేరు, 2022లో మళ్ళీ కొత్త జిల్లాలు వచ్చేయి. అంచేత భీమవరం గురించి హెమింగ్వే అనే దొర రాసిన 1907 గోదావరి గెజిటీర్‌లో, అంటే జిల్లా వివరాల పుస్తకంలో, వెతికి లేదు అని రాసేస్తే ఎగ్జామినర్ నవ్వుతాడు, అప్పటికి భీమవరం ఆ జిల్లాలో లేదు మరి. దానికి 1878 నాటి హెన్రీ మారిస్ పుస్తకం చూడాలి. చెన్నై ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళినప్పుడు కూడా ఇంతే, నీ ఊరు ఏ ఏడు ఏ జిల్లాలో ఉందో ఓ కాగితం మీద రాసుకుని వెళ్ళు, లేకపోతే రికార్డు ఉన్నా ఇండెక్స్‌లో కనపడదు. ఆనకట్టకి ముందు మన ఊళ్ళు ఎలా ఉండేవో కావాలంటే మెకంజీ దొర సేకరించిన కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, ఉన్నాయి, ఆయన 1821లో పోయేడు కాబట్టి అవన్నీ కాలవలు రాక ముందువే.

తేదీలు కూడా అంతే. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి, అంచేత పాత పుస్తకం మీద ప్రభవ అని ఉంటే అది 1867 కావచ్చు, 1927 కావచ్చు, 1987 కూడా కావచ్చు, కాగితం, అచ్చు, ధర, ప్రెస్ పేరు అన్నీ చూసి తేల్చాలి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ అని శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలుపు, ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ దాకా. శాసనాల జోలికి వెళ్తే శక సంవత్సరానికి 78 కలుపుకో. కరణాలు అక్షరాలు కలిపేసి రాసే గొలుసుకట్టు రాత చదవడం నేర్చుకో, ఇది ఏ కోర్స్‌వర్క్‌లోనూ చెప్పరు. 1984లో కరణాల పదవులు తీసేసేరు, అప్పుడు పనిచేసిన వాళ్ళు ఇప్పుడు బాగా పెద్దవాళ్ళు, ఒకరిద్దరు దొరికినా రోజూ ఓ గంట వాళ్ళ దగ్గర కూర్చుని చదివించుకో.

మనుషుల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంకా జాగ్రత్త. మన స్వీయచరిత్రలు రాసుకున్న వాళ్ళలో ఎక్కువమంది ఒక కులం మగవాళ్ళు, పడవలో ప్రయాణికులు. సరంగులు (పడవ నడిపించే పెద్దలు), పంట్లు నడిపిన వాళ్ళు, పడవ లాగిన వాళ్ళ పిల్లలు, మనవలు ఇంకా రేవుల దగ్గరున్నారు, వాళ్ళు రాయలేదు గానీ వాళ్ళకి గుర్తుంది. దళితుల రాతలు నీ లైబ్రరీ లిస్టులో తగలకపోతే లేవని అనుకోకు. తెల్లదొరతనం వద్దన్న పాటకి ఎదురుగా నల్లదొరతనమూ వద్దని రాసిన కుసుమ ధర్మన్న గారిది రాజమండ్రే, అలాంటి వాళ్ళ పత్రికలూ కరపత్రాలూ ఏ ఇంట్లో ఉన్నాయో అడుగుతూ పోవాలి. పేటలోకి వెళ్ళినా, అగ్రహారంలోకి వెళ్ళినా ఒకేలా మాట్లాడు, ఎందుకొచ్చేవో ఏం రాస్తావో ముందే చెప్పు, అడిగి రికార్డు చెయ్యి, వద్దంటే ఆపెయ్యి. పాట పాడిన ముసలమ్మ పేరు వేసుకోవచ్చా అని ఆవిణ్ణే అడుగు, ఆవిడ కొడుకుని కాదు. తీసుకున్న కాగితం తిరిగిచ్చెయ్యి, దాని కాపీ కూడా ఒకటి ఇచ్చెయ్యి. పని అయ్యేక ఆ అధ్యాయం వాళ్ళకి చదివి వినిపించు, వాళ్ళు దిద్దేవి ఏ ప్రొఫెసరూ దిద్దలేడు.

థియరీ చదవొద్దు అనను. చదువు, ఇంగ్లీషులో బోలెడు ఉంది, కష్టంగా ఉన్నా చదువు. కానీ నీ పడవ మీదకి దాన్ని ఎక్కించాలని చూడకు. నర్సాపురం లేసు అల్లే ఆడవాళ్ళ మీద మరియా మీస్ 1982లో వేసిన పుస్తకం ఓసారి చూడు, మన పక్క ఊళ్ళ ఆడవాళ్ళ ఇంటి పని నుంచి మొదలెట్టి ప్రపంచ మార్కెట్ దాకా ఎలా వెళ్ళిందో. ముందు ఆ ఇళ్ళల్లో ఏం జరుగుతోందో చూసింది కాబట్టే ఆ వాదన నిలబడింది.

రాయడం గురించి. రోజూ రాయి, ఓ పేజీ అయినా. యూనికోడ్‌లో నువ్వే టైప్ చేసుకో, డీటీపీ వాళ్ళకిచ్చి అను ఫాంట్స్‌లో చేయిస్తే తర్వాత మార్చేటప్పుడు ఒత్తులన్నీ చెల్లాచెదురైపోతాయి, ఆఖరి నెలలో అది భరించలేవు. పుస్తకంలోంచి దించుకున్న ముక్కకి కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు దించుకునేటప్పుడే పెట్టెయ్యి. ఇతరుల రాతతో పది శాతం దాటి కలిస్తే యూజీసీ రూల్స్ ప్రకారం ఇబ్బంది, తెలుగుని సాఫ్ట్‌వేర్ సరిగ్గా పట్టుకోదులే అని కొంతమంది ధైర్యం చెప్తారు, వాళ్ళ మాట వినకు, ఇంకొకరి కష్టం మన పేరు మీద వేసుకోవడం పట్టుబడినా పడకపోయినా దొంగతనమే.

గైడ్ పెద్ద పేరున్న మనిషా కాదా అన్నది చూడకు, పంపిన అధ్యాయం చదివి, తన మాట రాసి తిరిగిచ్చే మనిషా అని సీనియర్లని అడుగు. ఇంటి పనులు, ఊరి పనులు చెప్తే మర్యాదగానే మొదట్లోనే కాదనడం నేర్చుకో, ఒకసారి అలవాటైతే ఆగదు. ఆడపిల్లవి కాబట్టి ఇంకో మాట, ఒంటరిగా ఇంటికి రమ్మనడం, రాత్రి పూట ఫోన్లు, ఇలాంటివి ఏవైనా ఉంటే ఓర్చుకోకు, వెంటనే నాకు చెప్పు, గైడ్‌ని మార్చుకోవచ్చు, కంప్లైంట్ కమిటీ ఉంటుంది, చదువు ఆగిపోదు.

డబ్బు సంగతి, జేఆర్‌ఎఫ్ నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత 42,000, పుస్తకాలకీ ప్రయాణాలకీ ఇచ్చే కంటింజెన్సీ మొదట ఏడాదికి 10,000. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ నెలనెలా పడుతుందని నమ్మకు, ఒక్కోసారి నెలల తరబడి ఆగుతుంది, అంచేత మొదటి విడత రాగానే నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టు. యూజీసీ 2022 రూల్స్ ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, మామూలుగా ఆరేళ్ళ లోపు థీసిస్ ఇవ్వాలి, ఆడవాళ్ళకి పైన ఇంకా గడువు ఇస్తారు, ప్రసవానికీ పిల్లల పెంపకానికీ 240 రోజుల సెలవు కూడా ఉంది. మీ నాన్న పెళ్ళి మాట ఎత్తినప్పుడు ఈ రూల్ చూపించు, చదువు మానాల్సిన పని లేదని. ఆయనతో నేను కూడా మాట్లాడతాను, నా మాట కాదనడు.

ఈ నెలాఖరులోపు ఒక్క పేజీ రాసి నాకు వాట్సాప్ చెయ్యి. నీ ప్రశ్న ఏంటి, ఏ పుస్తకాల్లో వెతుకుతావు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఎంచేత అక్కడ ఆపేవు, అంతే, ఉపోద్ఘాతాలు వద్దు. అది చూసేక గౌతమీ లైబ్రరీకి ఇద్దరం కలిసి వెళ్దాం, అక్కడ పాత పత్రికల బౌండ్లు ఎలా అడగాలో దగ్గరుండి చూపిస్తాను.

నీ
పెద్దమ్మ