ఫిజిక్స్ లెక్చరర్ కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ చదివాను. అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి, పొద్దున్నే కోచింగ్ సెంటర్లో జేఈఈ పాఠాలు చెప్పి, ఆ తర్వాత డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పనిచేసే మనిషిని ఎంచుకున్నావు. నాకు చాలా సంతోషం వేసింది. ఇలాంటి మనవాళ్లు మారతహళ్లిలో, కె.ఆర్.పురంలో ఎంతమంది లేరు! కథల్లో మాత్రం వాళ్ల జాడ తక్కువ.

అయితే అతని ఫిజిక్స్‌ని నువ్వు అలంకారాలకి వాడేశావు. భార్యతో మాటా మాటా వస్తే గురుత్వాకర్షణ, ఊరు గుర్తొస్తే కాంతి సంవత్సరాలు. ఆ వాక్యాలన్నీ తీసెయ్. వాటి బదులు అతన్ని ల్యాబ్‌లో నిలబెట్టు.

న్యూటన్స్ రింగ్స్ ప్రయోగం నువ్వూ చేసే ఉంటావు, మైక్రోస్కోప్‌లో వెలుగు రింగులు కొలిచి కాంతి తరంగదైర్ఘ్యం లెక్కకట్టేది. సోడియం దీపం వెయ్యగానే పసుపు వెలుగు రాదు. ముందు ఎర్రగా వెలుగుతుంది, లోపలి సోడియం ఆవిరయ్యేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. ఆ చీకటి గదిలో, ఆ కాసేపు, అతను పిల్లలతో ఏం మాట్లాడతాడు? మైక్రోస్కోప్ స్క్రూ ఒకే వైపు తిప్పుతూ పోవాలి. మధ్యలో వెనక్కి తిప్పితే మరలోని వదులు వల్ల రీడింగ్ తప్పుతుంది. రింగులు లెక్కపెడుతూ మధ్యలో తప్పిన పిల్ల మళ్లీ మొదటికి రావాలి. బెల్లు కొట్టే టైమైంది. అతను ఆ పిల్ల పక్కన నిలబడతాడా, పక్కవాళ్ల రీడింగ్ రాసుకోమంటాడా? జవాబు, అంటే ఆ పసుపు వెలుగు తరంగదైర్ఘ్యం, 5893 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర రావాలని క్లాసంతటికీ ముందే తెలుసు. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసి రికార్డు నింపుకొచ్చిన కుర్రాడు దొరికితే సంతకం పెడతాడా? నీ నాయకుడు ఎలాంటివాడో నాకు తెలియాల్సింది ఇక్కడే.

ఇంకో సంగతి. అతను ఏపీసెట్, అంటే ఆంధ్రప్రదేశ్ పెట్టే లెక్చరర్ అర్హత పరీక్ష, పాసయ్యాడు కాబట్టి త్వరలో పర్మనెంట్ అవుతాడని రాశావు. 2002 జూన్ తర్వాత సెట్ పాసైనవాళ్లకి ఆ అర్హత సొంత రాష్ట్రంలోనే పనికొస్తుంది. పీహెచ్‌డీ లేనివాడు కర్ణాటకలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి వెళ్లాలంటే దేశమంతా చెల్లే నెట్ పరీక్ష అయినా పాసై ఉండాలి, కర్ణాటక వాళ్ల సెట్ అయిన కేసెట్ అయినా పాసవ్వాలి. దీన్ని తప్పు దిద్దినట్టు ఒక్క మాటలో సరిచేసి వదిలెయ్యకు. నీ కథకి ముడి ఇదే. చేతిలో ఉన్న సర్టిఫికెట్ పనికొచ్చే చోట జీతం లేదు, జీతం ఉన్న చోట అది చెల్లదు. వెనక్కి పోవాలా, ఇక్కడే మళ్లీ పరీక్షకి కూర్చోవాలా? అతని టెన్షన్ అంతా ఇందులోంచే రావాలి.

ఉద్యోగం బయట అతని జీవితం ఎలా రాయాలని అడిగావు. సి.వి. రామన్ సంగతి చూడు. ఆయన తండ్రి విశాఖపట్నంలో లెక్చరర్. రామన్ మాత్రం 1907లో కలకత్తాలో ఆర్థిక శాఖ ఉద్యోగంలో చేరి, 1917లో ప్రొఫెసరయ్యేదాకా ఆఫీసు వేళలు కాని సమయంలోనే ల్యాబ్‌లో కూర్చున్నాడు. అన్నేళ్లూ ఆయనకి ఫిజిక్స్ అంటే ఉద్యోగం బయటి జీవితమే! ఇక్కడ బెంగళూరులోనే, బసవనగుడి నేషనల్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన హెచ్. నరసింహయ్యగారు పెళ్లి చేసుకోలేదు, కాలేజీ హాస్టల్ గదిలోనే బతికారు, 1962లో సైన్స్ ఫోరం పెట్టి జనానికి ఉపన్యాసాలు ఏర్పాటు చేశారు. ఆయనకి ఉద్యోగం ఎక్కడ ఆగిందో, సొంత జీవితం ఎక్కడ మొదలైందో గీత గీయలేం. నీవాడికి ఆ వెసులుబాటు లేదు. ఇంట్లో భార్య, బిడ్డ, అద్దె. సాయంత్రం బ్యాచ్ ఒప్పుకుంటే డబ్బు, ఒప్పుకోకపోతే చదువుకోడానికి రెండు గంటలు. ఆ రెండు గంటలు ఎవరికి పోతాయో తేల్చుకో, మిగతా సన్నివేశాలు వాటంతటవే వస్తాయి.

కోచింగ్ సెంటర్ యజమాని గురించి రాసిన రెండు పేజీలు తగ్గించు. అలాంటి మనిషిని పాఠకులు ఇప్పటికే ఎరుగుదురు.

భార్య గురించి మాత్రం ఎంతైనా రాయి. ఇప్పుడున్న కథలో ఆమె కాఫీ తెచ్చి ఇవ్వడం తప్ప ఏమీ చెయ్యలేదు. కేసెట్ ఫీజు కట్టాల్సిన నెలలో ఇంటి ఖర్చు లెక్క చూసేది ఆమే కదా. ఆమె ఏం చదివింది, బెంగళూరు రావడం ఆమెకి ఇష్టమేనా, అనంతపురం పోదామని ముందు అన్నది ఎవరు? ఇవి తేలాక మళ్లీ రాసి పంపు. ఎంత పొడుగైనా ఫర్వాలేదు, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ