సమాధానం: డార్క్ నైట్ పైనా, స్పైడర్ మ్యాన్ 2 పైనా?

మీ సూపర్‌హీరో సినిమాల టాప్ టెన్‌లో డార్క్ నైట్, స్పైడర్ మ్యాన్ 2లలో ఏది మొదట పెట్టాలో తేలడం లేదన్నారు కదండీ. ముందు లిస్టు కాస్త ఖాళీ చేద్దాం. కామిక్స్ నుంచి వచ్చినవే ఉండాలని రూల్ పెట్టుకున్నారు కాబట్టి ఇన్‌క్రెడిబుల్స్, హాంకాక్, మన హను-మాన్ మూడూ తీసేయాల్సిందే. అవి నేరుగా సినిమా కోసం రాసుకున్న కథలు. అంత ఇష్టమైతే వేరే లిస్టు పెట్టుకోండి, ఎవరొద్దన్నారు!

ఇక అసలు పేచీ. 2008 నాటి డార్క్ నైట్‌లో హీత్ లెడ్జర్ జోకర్‌కి తిరుగులేదు, చనిపోయాక ఆస్కార్ కూడా వచ్చింది. కానీ చివర్లో ఆ పడవల ఘట్టం నాకు సాగదీసినట్టే ఉంటుంది. 2004 నాటి స్పైడర్ మ్యాన్ 2లో రైలు ఆపి సొమ్మసిల్లిన పీటర్‌ని, అదే మన స్పైడర్ మ్యాన్‌ని, ప్రయాణికులు చేతుల మీదుగా లోపలికి చేరవేస్తారు చూడండి. ముసుగు లేని ఆ ముఖం చూసి ఇంత కుర్రాడా అని నోరెళ్లబెడతారు. ఇద్దరు పిల్లలొచ్చి ముసుగు తిరిగిచ్చి, ‘మేం ఎవరికీ చెప్పం’ అంటారు. నా ఓటు దానికే.

లోగన్‌ని మాత్రం ఏడో స్థానంలో పెట్టడం అన్యాయమండీ. స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్న సినిమా అది. మూడుకి తెచ్చి, థోర్ రాగ్నరాక్‌ని ఏడుకి దింపేయండి.