ఒక మెషీన్ పోయినా ఫైల్ ఎలా బతుకుతుంది? మామూలు ఫైల్ సర్వర్‌కీ, ఫైళ్ళని చాలా మెషీన్లలో పంచిపెట్టే హెచ్‌డీఎఫ్‌ఎస్‌కీ (హడూప్ డిస్ట్రిబ్యూటెడ్ ఫైల్ సిస్టమ్) అసలు తేడా ఏమిటి?

ఈ రెండు ప్రశ్నలూ అడిగి, నిర్వచనాలు ఎన్ని చదివినా బుర్రకెక్కడం లేదని రాశారు. నాకు ఇది నైట్ షిఫ్టుల్లో అర్థమైంది, అందుకే అక్కడి నుంచే చెప్తాను.

మొదట ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్), మామూలు ఫైల్ సర్వర్‌కి ఉదాహరణ. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చింది. ఫైళ్ళన్నీ ఒక సర్వర్‌లో ఉంటాయి, మన మెషీన్‌లో సొంత ఫోల్డర్‌లా కనిపిస్తాయి. హైదరాబాద్‌లో నేను చేసిన ఒక ఉద్యోగంలో, ఓ రాత్రి డిస్క్ ఎంత నిండిందో చూద్దామని డీఎఫ్ కమాండ్ కొట్టాను. ఏమీ రాలేదు. కర్సర్ మెరుస్తూ అక్కడే ఉంది. ఇంకో విండోలో కొట్టినా అంతే. లాగ్‌లో మాత్రం సర్వర్ బదులివ్వడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాం అన్న మెసేజ్. సర్వర్ పోయిందని అందరం అటు పరిగెత్తాం. తీరా చూస్తే సర్వర్ నిక్షేపంలా ఉంది, మధ్యలో మెషీన్లని కలిపే నెట్‌వర్క్ స్విచ్ చచ్చింది. స్విచ్ మార్చాక, ఎప్పుడో కొట్టిన డీఎఫ్‌కి అప్పుడు జవాబొచ్చింది.

మీ ప్రశ్నకు ప్రాణం ఇక్కడే ఉంది. ఒకే కంప్యూటర్‌లో డిస్క్ పాడైతే ఎర్రర్ వస్తుంది. నెట్‌వర్క్‌లో వచ్చేది మౌనం. అవతలి మెషీన్ పోయిందా, నెమ్మదించిందా, దారి తెగిందా అన్నది ఆ మౌనాన్ని బట్టి తెలియదు. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఫైల్ ఉన్నది ఒక్కచోటే కాబట్టి, హార్డ్ మౌంట్ (జవాబొచ్చేదాకా అడుగుతూనే ఉండే పద్ధతి) చేసిన క్లయింట్‌కి, అంటే ఫైల్ అడిగే మెషీన్‌కి, ఎదురుచూడటం తప్ప దారి లేదు.

హెచ్‌డీఎఫ్‌ఎస్ ఆ మౌనాన్ని ముందే లెక్కలో వేసుకుంది. దీని మూలం 2003లో గూగుల్ తన ఫైల్ సిస్టమ్ గురించి ప్రచురించిన పేపర్. ఫైల్‌ని 128 ఎంబీ బ్లాకులుగా కోసి, ఒక్కో బ్లాక్‌ని మూడు డేటానోడ్లలో (బ్లాకులు దాచే మెషీన్లలో) పెడుతుంది. ఏ మెషీన్ ఏ ర్యాకులో (మామూలుగా ఒకే స్విచ్ మీద నడిచే మెషీన్ల అలమరాలో) ఉందో చెప్పి ఉంచితే, మూడు కాపీలూ ఒకే ర్యాకులో పడకుండా చూస్తుంది. నా స్విచ్ కథ విన్నారు కాబట్టి ఎందుకో చెప్పక్కర్లేదు. (చిన్న ఫైల్ కూడా డిస్క్‌లో 128 ఎంబీ తింటుందని చాలామంది అనుకుంటారు. తినదు.)

తర్వాత ఇంకోచోట మా క్లస్టర్‌లో (కలిసి పనిచేసే మెషీన్ల గుంపులో) ఒక డేటానోడ్ పవర్ సప్లై కాలిపోయింది. ప్రతి నోడూ 3 సెకన్లకోసారి బతికే ఉన్నానని, ఫైళ్ళ లెక్కంతా చూసే నేమ్‌నోడ్‌కి హార్ట్‌బీట్ పంపుతుంది. అది ఆగింది. అయినా నేమ్‌నోడ్ వెంటనే ఏమీ చేయలేదు. డీఫాల్ట్ సెట్టింగుల్లో పదిన్నర నిమిషాలు ఆగాకే ఆ నోడ్ పోయిందని తేలుస్తుంది. ఇంత ఆలస్యమా అని నేను అప్పట్లో గింజుకున్నాను. కానీ ఉత్తగా రీబూట్ అవుతున్న మెషీన్‌ని తొందరపడి చచ్చిందనుకుంటే, దాని డేటా అంతా మళ్ళీ కాపీ చేస్తూ నెట్‌వర్క్‌ని తొక్కేస్తుంది. గడువు దాటగానే కాపీలు తగ్గిన బ్లాకుల సంఖ్య స్క్రీన్ మీద ఒక్కసారిగా ఎగిసింది, తర్వాత చకచకా దిగడం మొదలైంది. పోయిన నోడ్ బ్లాకుల మిగతా కాపీలు క్లస్టర్ అంతటా చెదిరి ఉన్నాయి కాబట్టి నోడ్లన్నీ తలా కాస్త మోశాయి. ఆ రాత్రి ఒక్క యూజర్ కూడా ఫోన్ చేయలేదు.

నాకు బాగా నచ్చిన డిజైన్ ఇంకొకటుంది. ఏ ఫైల్‌లో ఏ బ్లాకులున్నాయో నేమ్‌నోడ్ డిస్క్‌లో రాసుకుంటుంది కానీ, ఏ బ్లాక్ ఏ నోడ్‌లో ఉందో రాసుకోదు. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ డేటానోడ్లనే అడిగి తెలుసుకుంటుంది. 99.9 శాతం బ్లాకుల లెక్క తేలేదాకా సేఫ్ మోడ్‌లోనే ఉండి, కొత్తగా ఏదీ రాయనివ్వదు. పాత కాగితం కన్నా, డిస్క్ చేతిలో ఉన్నవాడి మాటే నిజమని దాని లెక్క.

ల్యాప్‌టాప్‌లో ఒక నేమ్‌నోడ్, మూడు డేటానోడ్లు వర్చువల్ మెషీన్లుగా పెట్టి, పెద్ద ఫైల్ ఒకటి చదువుతూ ఉండండి. ముందు ఒక డేటానోడ్ ప్రాసెస్‌ని ఆపండి: క్లయింట్ చప్పున ఇంకో కాపీకి వెళ్తుంది. రెండోసారి ప్రాసెస్‌ని ముట్టుకోకుండా దాని నెట్‌వర్క్ మాత్రమే తీసేయండి. ఈసారి చదవడం చాలాసేపు నిలిచిపోయి, ఆ తర్వాతే కదులుతుంది. ఆ ఆగినంతసేపూ లాగ్ చూస్తూ కూర్చోండి.