అత్తగారు నన్ను దొంగ అంటున్నారు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. అత్తగారికి 74 ఏళ్లు, అల్జీమర్స్. గాజులు తనే ఎక్కడో దాచి, నేను తీశానని వీధంతా చెబుతారు. పొద్దుగూకితే టెక్కలిలోని పుట్టింటికి వెళ్తానని గుమ్మంలో కూర్చుంటారు. ఒడియా మనిషిని పెడితే ఆమె మాట అర్థం కాక పంపేశారు. మొన్న గట్టిగా అరిచేశాను. ఈవిడ పోతే బాగుండని కూడా అనిపించింది. ఆడపడుచులు ఫోన్లో సలహాలిస్తారంతే. నేను చెడ్డదాన్నా?

జవాబు: కాదమ్మా. నిద్ర లేక ఒళ్లు హూనమైనప్పుడు అలాంటి ఆలోచన చాలామందికి వస్తుంది, పైకి చెప్పుకోరు. మీరు చెప్పుకున్నారు, మంచి పని చేశారు.

దాచిన సంగతి ఆవిడకు గుర్తుండదు. చేతికి గాజులు లేవని మాత్రం కనిపిస్తుంది. అందుకే ఎవరో తీశారనుకుంటారు, పొద్దస్తమానం పక్కన ఉండేది మీరే కాబట్టి నింద మీ మీద పడుతుంది. ‘నేను తీయలేదు’ అని వాదించకండి. ‘అయ్యో, పదండి వెతుకుదాం’ అనండి. దిండు గలీబు, బియ్యం డబ్బా... ఆవిడ దాచే చోట్లు మీకీపాటికి తెలిసే ఉంటాయి. అసలు గాజులు మీవారి చేత బీరువాలో పెట్టించి, చేతికి రోల్డ్‌గోల్డ్‌వి వేయండి.

సాయంత్రం కంగారు పెరగడం ఈ జబ్బులో మామూలే. చీకటి పడకముందే లైట్లు వేసి, టెక్కలి కబుర్లు అడగండి. ఎప్పుడూ లేనిది ఒకటి రెండు రోజుల్లోనే బాగా తికమకపడితే మాత్రం డాక్టరుకు చూపించండి, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల కూడా అలా అవుతుంది.

ఆ మనిషిని పంపేయడం మొండితనం కాదు. తర్వాత నేర్చుకున్న భాష ముందు మరుగున పడటం ఈ జబ్బులో ఉంటుంది. పక్కనే ఉన్న పాతపట్నం వైపు తెలుగు మనిషి కోసం అడిగించండి.

మీ ఉత్తరంలో మీవారి ఊసే లేదు. నాకు బాధనిపించింది అక్కడే. అక్కచెల్లెళ్లతో మాట్లాడాల్సింది ఆయన, మీరు కాదు. అత్తగారిని ఇళ్ల చుట్టూ తిప్పొద్దు, కొత్తచోట బాత్రూమ్ ఎటో తెలియక ఇంకా బెదిరిపోతారు. వాళ్లే వచ్చి, వంతులవారీగా ఉండాలి.

మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రైనా పలుకుతారు, తెలుగు ఎంచుకోవచ్చు. నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్యులున్నారు. అత్తగారి కోసం కాదు, మీ కోసం వెళ్లండి.

ఆడపడుచులు వచ్చిన రోజుల్లో వాళ్లకు వండిపెడుతూ ఇంట్లోనే ఉండిపోకండి. మీ పుట్టింటికి వెళ్లి కంటినిండా నిద్రపోండి.