ఒకటి చెడితే ఆ ఒక్కటే చెడాలి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మందుల హోల్‌సేల్ కంపెనీలో నెట్‌వర్క్ బాధ్యత నీకే అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. విజయవాడ ఆఫీసు, ఊరి బయట గోడౌను, గుంటూరు బ్రాంచి, బిల్లింగ్ సర్వరు, కెమెరాలు, ఇన్నీ ఒక్కదానివే చూసుకోవాలంటే టెన్షన్ ఉంటుంది. ఉద్యోగమంతా ఈ పనిలోనే గడిపినవాణ్ని కాబట్టి నాకు ముఖ్యమనిపించినవి రాస్తున్నాను.

నెట్‌వర్క్ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి చెడుతుంది. అసలు చెడకుండా చూడడం ఎవరి వల్లా కాదు. ఒకటి చెడితే ఆ ఒక్కటే చెడేలా చూడడం మాత్రం మన చేతిలో ఉంది. ఏ కేబుల్ లాగినా, ఏ పెట్టె కొన్నా ముందు ఇదే అడుగు: ఇది పోతే దీంతోపాటు ఇంకేం పోతాయి?

మొదటి వారం ఏమీ కొనకు. ప్రతి కేబుల్ వెంటా నడువు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో చూసి రెండు కొసలకూ ఒకే నంబరు అంటించు. ఏ పోర్టు, అంటే కేబుల్ గుచ్చే రంధ్రం, దేనికి వెళ్తుందో గీసి, ప్రింటు తీసి, పరికరాలు బిగించే బీరువా, అదే ర్యాకు, తలుపు లోపల అతికించు. ఆ బొమ్మ సర్వరులోనే ఉంటే, నెట్‌వర్క్ పడిపోయిన రోజు దాన్ని తెరవలేవు. పాస్‌వర్డులు మాత్రం దాని మీద రాయకు.

కేబుళ్ల దగ్గర కక్కుర్తి పడనివ్వకు. క్యాట్ 6 (నెట్‌వర్క్ కేబుల్‌లో ఒక రకం) అని పెట్టె మీద రాసినదంతా మంచి సరుకు కాదు. తీగ కొసను బ్లేడుతో గీకి చూడు. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం, పైన రాగి పూత. మామూలు కంప్యూటరుకైతే అది కొన్నాళ్లు పనిచేసినట్టే ఉంటుంది. కెమెరాలకు కరెంటు కూడా అదే కేబుల్‌లో వెళ్తుంది కాబట్టి తంటా అక్కడ మొదలవుతుంది. గోడౌను చివర ఉన్న కెమెరా పగలంతా బాగుండి, చీకటి పడగానే ఆగి ఆగి మళ్లీ స్టార్ట్ అవుతుంటే ముందు కేబుల్‌నే అనుమానించు. రాత్రి చూపు కోసం దాని లైట్లు వెలగగానే కరెంటు ఎక్కువ కావాలి, ఆ తీగ అంత ఇవ్వలేదు. చాలామంది కెమెరా మారుస్తారు, జబ్బు అలాగే ఉంటుంది. మంచి రాగి కేబుల్ అయినా స్విచ్ (కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ పెట్టె) నుంచి పరికరం దాకా 100 మీటర్లు దాటనివ్వకు.

గోడౌనులో రెండు షెడ్ల మధ్య రాగి కేబుల్ ఉంటే ముందు దాన్ని తీయించి, లోహపు తొడుగు లేని ఫైబర్ వేయించు. మన దగ్గర వేసవి ఆఖరులో పిడుగులు ఎలా పడతాయో తెలుసు కదా. దగ్గర్లో పిడుగు పడినా ఆ రాగి తీగ పట్టుకుని రెండు వైపులా స్విచ్‌లు పోతాయి, ఒక్కోసారి వాటికి తగిలించినవీ పోతాయి. ఫైబర్ లోపల ఉండేది గాజు, గాజులో కరెంటు నడవదు. ఎర్తింగ్‌ను ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్ చేత కొలిపించు.

యూపీఎస్ ఉందంటే సరిపోదు. సర్వరు యూపీఎస్ మీద ఉండి, పై అంతస్తులో స్విచ్ గోడ ప్లగ్గు మీద ఉంటే కరెంటు పోగానే బిల్లింగ్ ఆగినట్టే. బ్యాటరీల ఆయుష్షును 25 డిగ్రీల గదికి లెక్కగడతారు. 35 డిగ్రీల గదిలో అది దాదాపు సగమవుతుంది. ర్యాకును మెట్ల కింద గదిలో పెట్టి తలుపు మూసి ఉంటే గాలి ఆడే చోటికి మార్పించు.

ఇంటర్నెట్‌కు రెండు కంపెనీల లైన్లు ఉన్నాయని ధీమా పడకు. బయటికెళ్లి తలెత్తి చూడు. రెండూ ఒకే కరెంటు స్తంభం మీదుగా వస్తుంటే అవి రెండు లైన్లు కావు, ఒక్కటే. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లు తొలగించినప్పుడు చాలామందికి ఇది తెలిసొచ్చింది. ఒకటి ఫైబర్ అయితే రెండోది 4జీ లేదా 5జీ సిమ్ మీద పెట్టించు. నెలకోసారి ఫైబర్ తీసేసి, బిల్లింగ్ నిజంగా రెండో దారిలో నడుస్తోందో లేదో చూడు.

ఇక భద్రత. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లు, డేటాకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి. అయిదు సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల డేటాకు తాళం పడిపోయింది, రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాశారు. నెట్‌వర్క్‌ను సరిగ్గా విభజించకపోవడం ఒక కారణమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. అందుకని బిల్లింగ్, ఆఫీసు కంప్యూటర్లు, కెమెరాలు, వచ్చేపోయేవాళ్ల వైఫై, ఈ నాలుగింటినీ వేర్వేరు వీల్యాన్లలో, అంటే ఒకే స్విచ్‌ల మీదే విడదీసిన వేర్వేరు నెట్‌వర్క్‌లలో, పెట్టు. ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి వెళ్లే దారి ఫైర్‌వాల్ (ఏది వెళ్లాలో ఏది ఆగాలో చూసే కాపలా పెట్టె) గుండానే ఉండాలి, అవసరమైనంత మేరకే తెరవాలి. కెమెరాలకు ఇంటర్నెట్ అసలు ఇవ్వకు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాము) ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలనూ, వాటి రికార్డింగ్ పెట్టెలైన డీవీఆర్లనూ లక్షల్లో పట్టుకుని, వాటితోనే పెద్ద పెద్ద సైట్లను పడగొట్టింది.

మన చిన్న కంపెనీల్లో నేను ఎక్కువగా చూసిన రంధ్రం ఇంకొకటి ఉంది. అకౌంటెంట్ గారు ఇంటి నుంచి టాలీ లెక్కలు చూసుకోవాలని రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు, అంటే బయటి నుంచి ఆఫీసు కంప్యూటరును నడిపే దారి, తెరిచి పెడతారు. దాని మీద పాస్‌వర్డులు ప్రయత్నించే ప్రోగ్రాములు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. అది కనిపిస్తే ఆ రోజే మూసెయ్యి. వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసుకు తాళం వేసిన దారి) పెట్టి, లాగిన్‌కు ఫోన్ కోడ్ కూడా జోడించు. ఆయన పెద్దవారు, చిరాకు పడతారు. పక్కన కూర్చుని ఓపిగ్గా రెండుసార్లు చేసి చూపించు, అలవాటైపోతుంది. క్రాక్ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్లుంటే వాటి సంగతి మాత్రం యజమానితోనే మాట్లాడు.

అప్‌డేట్లు వాయిదా వేయకు. వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ 2017 మే 12న ప్రపంచమంతా పాకింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అది వాడుకున్న విండోస్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది.

అన్నిటికన్నా నేను పట్టుబట్టి చెప్పేది బ్యాకప్ గురించి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ వచ్చినప్పుడు మేర్స్క్ అనే పెద్ద షిప్పింగ్ కంపెనీలో డొమైన్ కంట్రోలర్లన్నీ, అంటే ఎవరు లాగిన్ కావచ్చో చూసే సర్వర్లన్నీ, ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఒకదానికొకటి కాపీలే, కానీ అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద ఉన్నాయి. ఘానాలోని ఆఫీసులో ఆ సమయానికి కరెంటు లేక ఒక్క సర్వరు మిగిలింది, దాని నుంచే తిరిగి నిలబెట్టుకోగలిగారు. అంత కంపెనీని కరెంటు కోత కాపాడింది. నువ్వు కోతల మీద ఆధారపడకు. మూడు కాపీలు, రెండు రకాల నిల్వ పరికరాల మీద, అందులో ఒకటి కేబుల్ తీసేసి వేరే చోట. రోజూ సర్వరుకు తగిలించే ఉండే హార్డ్‌డిస్క్ బ్యాకప్ కాదు, సర్వరుతోపాటే పోతుంది. మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి ఒక పాత కంప్యూటరులో బిల్లింగ్ లేపి, నిన్నటి బిల్లు ఒకటి తెరిచి చూడు. తెరుచుకుంటేనే బ్యాకప్ ఉన్నట్టు. స్విచ్‌ల, ఫైర్‌వాల్ సెట్టింగుల కాపీ కూడా అందులో కలుపు.

చట్టం సంగతి కూడా తెలుసుకో. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో వాళ్లకు చెప్పాలి, లాగులు, అంటే పరికరాల్లో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే చిట్టాలు, 180 రోజులు ఉంచాలి. అన్ని పరికరాల గడియారాలూ ఒకటే చూపించాలి, లేకపోతే ఆ లాగుల్లో ఏది ముందు జరిగిందో తేలదు. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని అకౌంట్స్ వాళ్లందరికీ చెప్పి ఉంచు.

యజమాని దగ్గరికి వెళ్లేటప్పుడు స్విచ్ మోడళ్ల గురించి మాట్లాడకు. ఒక రోజు బిల్లింగ్ ఆగితే ఎంత సరుకు కదలదో ఆయననే అడుగు, ఆ అంకె పక్కన నీకు కావలసిన ఖర్చు రాసి ఇవ్వు. ఒప్పుకోకపోతే కోపం తెచ్చుకోకు. అడిగినట్టు మెయిల్ పెట్టి, మళ్లీ మూడు నెలలకు అడుగు. అన్నీ ఒకేసారి అడగాల్సి వస్తే ముందు బ్యాకప్, తర్వాత ఫైబర్, ఆ తర్వాతే కొత్త స్విచ్‌లు.

ర్యాకు ఫొటోలు, నువ్వు గీసిన బొమ్మ ఈ ఆదివారం నాకు పంపు. కూర్చుని చూసి, ఎక్కడ ఏం మార్చాలో ఫోన్‌లో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న