తానిస్, సోయను, రామెసేసు: ఒకే నగరమా?

ఈజిప్టులోని ప్రాచీన నగరం తానిస్‌లో ఫరో రెండవ రామ్సెస్ పేరు చెక్కిన శిల్పాలు ఇన్ని ఉన్నప్పుడు బైబిలులోని రామెసేసు పట్టణం అదే కావాలి కదా అని మీరు అడిగారు. ఆ శిల్పాలే ఒకప్పుడు పండితులను కూడా అదే నిర్ణయానికి తీసుకువెళ్లాయి. 1939లో అక్కడి రాజసమాధులను వెలికితీసిన ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త పియర్ మోంటే సైతం అలాగే నమ్మారు.

నిజానికి రామ్సెస్ రాజధాని పి-రామ్సెస్ తానిస్‌కు దక్షిణాన, నేటి కంతీర్ గ్రామం వద్ద ఉండేది. దానికి నీరిచ్చిన నైలు పాయ పూడిపోవడంతో, క్రీ.పూ. 1070 ప్రాంతంలో అధికారానికి వచ్చిన 21వ వంశపు రాజులు తానిస్‌ను రాజధానిగా చేసుకొని, పాత నగరపు రాళ్లను, విగ్రహాలను తరలించి తమ ఆలయాలకు వాడుకున్నారు. కంతీర్ పొలాల్లో ఒక మహావిగ్రహపు పాదాలు మాత్రమే మిగిలి ఉండటం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. తానిస్‌కు సొంత వైభవం లేదని కాదు: 21వ వంశపు రాజు మొదటి సుసెన్నెస్ వెండి శవపేటిక, బంగారు ముసుగు అక్కడివే.

ఇక పేర్ల సంగతి. ఈజిప్టువారు ఈ నగరాన్ని "జానెత్" అన్నారు. అందులోని మొదటి ధ్వని గ్రీకులో "త"గా మారి తానిస్ అయింది. హీబ్రూలో "త్సోఅన్" అయింది. తెలుగు బైబిలులోని "సోయను" అదే. అరబ్బీలో "సాన్ అల్ హగర్" అంటారు; హగర్ అంటే రాయి, ఆ దిబ్బంతా పరుచుకున్న రాళ్లకు తగిన పేరు.

కాబట్టి సోయను, తానిస్ ఒకటే, రామెసేసు వేరు.