వైరో పుస్తకానికి స్టాండ్: మా అబ్బాయి ఇష్టం అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. జిరాక్స్, స్పైరల్ బైండింగ్ షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి ప్లస్ టూ పూర్తి చేశాడు. వైరో (జంట చుట్ల ఇనుప వైరు బైండింగ్) వేసిన పుస్తకాన్ని దాని అట్ట మీదే టేబుల్‌పై నిలబెట్టాలని రోజంతా అట్టలు కోస్తున్నాడు. డిగ్రీలో చేరమంటే వినడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు వాడు కోసిన అట్టల్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి.

షాపులో టేబుల్ క్యాలెండర్ ఉంటే విప్పండి. ఒకటే పొడుగాటి అట్ట, మధ్యలో రెండు మడతలు. రెండు కొసలకూ పంచింగ్ కొట్టి కాగితాలతో సహా ఒకే వైరులో బిగించి ఉంటుంది. పుస్తకానికి ఇదే చేయబోతే తిప్పిన కాగితాల బరువంతా వెనక్కి చేరుతుంది. 8 అంగుళాల ఎత్తుకు అడుగుభాగం వెడల్పు 2 అంగుళాలే పెడితే చేయి తగిలినా పడిపోతుంది. 4 అంగుళాలు పెట్టి చూడమనండి. మందపాటి కప్పా బోర్డును (గట్టి బైండింగ్ అట్టను) నేరుగా మడిస్తే పగులుతుంది. ముక్కలుగా కోసి, మధ్యలో కాస్త ఖాళీ వదిలి, కాలికో గుడ్డతో (బైండింగ్‌కు వాడే గుడ్డతో) అతికించాలి.

స్పైరల్‌లో తిప్పిన కాగితం కొంచెం పక్కకు జరుగుతుంది. దువ్వెన పళ్లలా ఉండే ప్లాస్టిక్ కోంబ్‌లో పూర్తిగా వెనక్కి తిరగదు. వైరోలో ఈ రెండు ఇబ్బందులూ లేవు. మీవాడు వైరోనే పట్టుకున్నాడంటే ఈ తేడా ఎవరూ చెప్పకుండానే కనిపెట్టి ఉంటాడు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

ఇక గిరాకీ. ఆశా కార్యకర్త ఒక తల్లి ముందు కూర్చుని ఫ్లిప్ చార్ట్ చూపిస్తోందనుకోండి. బొమ్మ తల్లివైపు, చదవాల్సిన మాటలు తనవైపు ఉండాలి. ఒళ్లో పసిబిడ్డను పెట్టుకుని పుస్తకాన్ని ఎత్తి పట్టుకోవడం ఎంత కష్టమో! అది దానంతటదే నిలబడితే రెండు చేతులూ ఖాళీ. ఒడియా, తెలుగు, గిరిజనుల కువి భాష మాట్లాడే మీ జిల్లాలో ఇలాంటి పుస్తకాలకు పని ఉంది. మీ ఊరి దేవత మజ్జిగౌరమ్మ బొమ్మతో టేబుల్ క్యాలెండర్ వేసి చూపించినా బజారులో అడిగేవాళ్లు ఉంటారు.

అయితే ఈ ఒక్క వస్తువు మీదే సంసారం నడవదు. కటింగ్, క్రీజింగ్ (మడత గీత వేయడం), లామినేషన్, అంచనా వేసి రేటు చెప్పడం, అన్నీ రావాలి. సికింద్రాబాద్‌లోని ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది. దానికి పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. సీటు నిబంధనలు మీ రాష్ట్రం పిల్లలకు ఎలా ఉన్నాయో నోటిఫికేషన్ వచ్చాక చదువుకోండి. ఒడియా మీడియంలో చదివి ఉంటే ఇంగ్లిష్ మీద ఇప్పటినుంచే కూర్చోబెట్టండి. ఈలోగా విజయనగరంలోనో విశాఖలోనో ఒక ప్రెస్సులో ఆరు నెలలు పని నేర్చుకోనివ్వండి. రైలు ఎలాగూ పార్వతీపురం మీదుగా నేరుగా ఉంది.

డిగ్రీ గురించి ఈ నెల గొడవ పడకండి. వాడిచేత మూడు నమూనాలు చేయించి, ఒకటి మీ వీధి అంగన్‌వాడీ టీచరమ్మకు ఇప్పించండి. ఒక వాన గడిచాక వాణ్నే వెళ్లి చూసి రమ్మనండి, అట్ట ఎక్కడ వంగిందో, గుడ్డ ఎక్కడ లేచిందో.